కొంకణి సంఘం ఎక్కడ మొదలుపెట్టాలి? పదమూడేళ్ల కమిటీ అనుభవంతో నా సమాధానం

నమస్కారం అండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది రాజమండ్రి, మీవారిది ఉడుపి దగ్గర కొంకణి కుటుంబం, ఇప్పుడు షార్లట్‌లో ఉంటున్నారు. ఏడేళ్ల పాపకి తెలుగు వచ్చు, కొంకణి రాదు. మీ అత్తగారు వచ్చినప్పుడల్లా నాయనమ్మా మనవరాలూ ఇంగ్లీషులో తంటాలు పడుతున్నారు. ఊళ్లో ముప్ఫై దాకా కొంకణి కుటుంబాలు ఉన్నాయి కాబట్టి సంఘం పెడదామనుకుంటున్నారు. వినాయకచవితికి హాలు తీసుకుని పెద్ద ఫంక్షన్‌తో మొదలుపెట్టాలా, ఇంకేదైనా దారి ఉందా అని అడిగారు.

నేను పుట్టుకతో కొంకణివాణ్ణి. మా నాన్నగారిది బ్యాంకు ఉద్యోగం. మంగళూరు నుంచి గుంటూరుకి, అక్కణ్ణుంచి విజయవాడకి బదిలీ. అందుకని నా చదువంతా తెలుగులోనే సాగింది. గుమ్మం లోపల కొంకణి, గుమ్మం దాటితే తెలుగు. షికాగో శివార్లకు వచ్చి ఇరవై ఆరేళ్లయింది. అందులో పదమూడేళ్లు ఇక్కడి కొంకణి సంఘం కమిటీలో పనిచేశాను, ఆరేళ్లు సెక్రటరీగా ఉన్నాను. కాబట్టి తెలిసిన సంగతులే చెప్తాను.

ముందు సూటిగా: మొదటి ఏడాది హాలు జోలికి వెళ్లకండి. నెలకి ఒక ఇల్లు, ఆ ఇంటి వంటగది, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు, వచ్చినంతమంది పిల్లలు. అంతే చాలు. ఎందుకో చెప్తాను.

మా సంఘం మొదటి నాలుగేళ్లూ చేసినవన్నీ ఫంక్షన్లే. చవితికి ఒకటి, దీపావళికి ఒకటి, ఎండాకాలం పిక్నిక్ ఒకటి. రెండో ఏడు చవితి ఫంక్షన్‌లో ఒక తొమ్మిదేళ్ల బాబు స్టేజీ మీద రెండు నిమిషాలు కొంకణిలో మాట్లాడాడు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తే బట్టీపట్టాడు. ఎక్కడా తడబడలేదు, హాలంతా చప్పట్లు కొట్టింది. తర్వాత భోజనాల దగ్గర ఒక పెద్దావిడ వాడి తల నిమిరి, "జెవణ్ జాల్లె వే?" అంది. భోజనం అయిందా అని. వాడు వాళ్లమ్మ మొహంలోకి చూశాడు. ఆవిడ ఇంకోసారి నెమ్మదిగా అడిగింది. వాళ్లమ్మ ఇంగ్లీషులో చెప్పాక, వాడు ఇంగ్లీషులోనే అయిందన్నాడు. ఆ పెద్దావిడ మొహం నాకింకా కళ్ల ముందు ఉంది. స్టేజీ మీది రెండు నిమిషాలకి పిల్లవాడు పదిహేను రోజులు కష్టపడ్డాడు. ఒక్క పలకరింపుకి జవాబు చెప్పేంత కొంకణి మాత్రం వాడికి మేము ఇవ్వలేకపోయాం. తప్పు పిల్లవాడిది కాదు, వాళ్లమ్మది కాదు. పెద్దవాళ్లతో కలిసి ఏదైనా పని చేసుకుంటూ గడిపే వేళ వాడికి మా సంఘంలో ఎక్కడా లేదు.

ఊరు విడిచి వెళ్లి భాషను నిలుపుకోవడం కొంకణి వాళ్లకి కొత్త సంగతి కాదు. పోర్చుగీసువాళ్లు 1510లో గోవా పట్టుకున్నారు, 1560లో మతవిచారణ (ఇన్‌క్విజిషన్) మొదలైంది, 1684లో కొంకణి వాడకం మానాలని ఉత్తర్వు కూడా వచ్చింది. ఆ కాలంలో వేల కుటుంబాలు దేవుణ్ణీ, భాషనూ వెంటబెట్టుకుని దక్షిణానికి, కెనరా (ఇప్పటి కర్ణాటక) తీరానికీ కొచ్చికీ తరలిపోయాయి. కొచ్చిలో వాళ్లు ఎంత గట్టిగా నిలబడ్డారంటే, డచ్చివాళ్లు మలబారు మొక్కల మీద వేసిన ‘హోర్టస్ మలబారికస్’ మొదటి సంపుటంలో, 1678లో, రంగ భట్, వినాయక పండిత్, అప్పు భట్ అనే ముగ్గురు కొంకణి వైద్యుల ధ్రువపత్రం నాగరి లిపిలో, కొంకణిలోనే అచ్చయింది. మట్టాంచేరిలో వాళ్ల గుడి పేరు తిరుమల దేవస్వం. అందులో కొలువున్నది మన వెంకన్నే. చుట్టూ మలయాళం, అయినా ఈరోజుకీ అక్కడ ఇళ్లలో కొంకణి వినిపిస్తుంది.

ఇంకో ఉదాహరణ నాకు మరీ ఇష్టం. పంతొమ్మిదో శతాబ్దంలో గోవా నుంచి బొంబాయికి పనికోసం వెళ్లినవాళ్లు ధోబీ తలావ్ చుట్టుపక్కల 'కూడ్'లు పెట్టుకున్నారు. కూడ్ అంటే గది. ఊరికో కూడ్. ఓడల మీద పనిచేసేవాళ్లు ఒక ఓడ దిగి ఇంకో ఓడ దొరికేదాకా అక్కడే ఉండేవాళ్లు. గోడ వారన ట్రంకుపెట్టెల వరుస, ఒక మూల ఊరి దేవుడి పీఠం, సాయంత్రం అందరూ కలిసి కొంకణిలో జపమాల. వాళ్లు అక్కడ భాష కోసమని విడిగా ఏ కార్యక్రమమూ పెట్టుకోలేదు. నిద్ర, తిండి, అప్పులు, తగాదాలు, ప్రార్థన అన్నీ కొంకణిలో జరిగేవి, భాష దానంతటదే నిలిచింది. గోవాకి గర్వకారణమైన తియాత్ర్ నాటకం పుట్టింది కూడా గోవాలో కాదు. 1892 ఏప్రిల్ 17న బొంబాయిలోని న్యూ ఆల్ఫ్రెడ్ థియేటర్‌లో ‘ఇటాలియన్ భుర్గొ’ అనే మొదటి తియాత్ర్ ఆడింది వలస వచ్చినవాళ్లే. అంతకు మూడేళ్ల ముందు, 1889లో, ‘ఉదెంతెచెం సాళ్ళోక్’ అనే కొంకణి పత్రిక మొదలైంది కూడా పుణెలో.

ఇదంతా చరిత్ర పాఠం కోసం చెప్పడం లేదు. మీ ముప్ఫై కుటుంబాల సంఘం చిన్నదని మీరు అనుకోకూడదు. ఇండియాలోనే ఈ భాషకి ఆసరా తగ్గుతోంది: 2001 జనాభా లెక్కల్లో కొంకణి మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 24.89 లక్షలు, 2011కి 22.56 లక్షలు. జనాభా పెరిగిన పదేళ్లలో ఈ సంఖ్య తగ్గింది. మీ పాప లాంటి ఒక్కొక్కరూ లెక్కలోకి వస్తారు.

ఇక అసలు పనిలోకి వద్దాం. మొట్టమొదట తేల్చుకోవాల్సింది గుమ్మం సంగతి: లోపలికి ఎవరు రావచ్చు? ఇది తేల్చకుండా మొదలుపెట్టి మేము మూడో ఏడు బాగా దెబ్బతిన్నాం. కొంకణి మాట్లాడేవాళ్లలో గౌడ సారస్వతులు, చిత్రాపూర్ సారస్వతులు, దైవజ్ఞులు, ఖార్వీలు, కుడుబిలు, మంగళూరు కేథలిక్కులు, గోవా హిందువులు, గోవా కేథలిక్కులు, భట్కల్ నవాయతీ ముస్లిములు ఉన్నారు. మా దగ్గర మొదట చేరినవాళ్లంతా దాదాపు ఒకే కులం వాళ్లం కావడంతో, తెలియకుండానే అది కులసంఘంలా తయారైంది. ఒక మంగళూరు కేథలిక్ కుటుంబం చేరతామని అడిగితే కమిటీలో పెద్ద గొడవ. భోజనంలో ఏం పెట్టాలి, పూజ ఉంటుందా, వాళ్లకి ఓటు ఉంటుందా అని మూడు నెలలు వాదించుకున్నాం. చివరికి ఏడు కుటుంబాలు బయటికి వెళ్లిపోయాయి. వాళ్లలో ఇద్దరు నాకు దగ్గరి స్నేహితులు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను. మీరు కాపాడాలనుకుంటున్నది భాష అయితే నియమావళిలో మొదటి వాక్యం ఇలా ఉండాలి: కొంకణి మాట్లాడేవాళ్లు, నేర్చుకోవాలనుకునేవాళ్లు ఎవరైనా సభ్యులు. పూజలు ఇళ్లలోనో గుడిలోనో, చేసుకునేవాళ్లు చేసుకుంటారు, సంఘం ఖర్చుతో వద్దు. తెలుగులో 'మా'కీ 'మన'కీ తేడా ఉంది కదా. మా ఇంట్లో మాట్లాడే కొంకణిలో రెండింటికీ ఒకటే మాట, ఆమ్చిగెలె. భాషకి కూడా మా అమ్మావాళ్లు వాడే పేరు అదే. మీ సంఘంలో ఆ మాటకి 'మన' అనే అర్థం తీసుకోండి.

ఆ కేథలిక్ కుటుంబం చేరాక మా పిల్లలకి ఎంత లాభం జరిగిందో చూడండి. సెప్టెంబరు 8న వాళ్లకి మోంతి ఫెస్త్ ఉంటుంది, మేరీమాత పుట్టినరోజూ కొత్త పంట పండగా కలిసి. పిల్లలు పూలు చల్లుతూ పాడే పాటలు మా పిల్లలూ నేర్చుకున్నారు. పెళ్లికి ముందురోజు కొబ్బరిపాలతో చేసే రోస్ వేడుకలో పాడే వొవియోలు అనే పాటలు ఆ ఇంటి పెద్దావిడ నోట విన్నప్పుడు, మా అత్త నలుగు పెట్టేటప్పుడు పాడే పాటల్లోని మాటలే అందులో చాలా ఉన్నాయి. ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. ఇంట్లో గోడకి పెద్ద చార్ట్ ఒకటి పెట్టాం. ఒక వస్తువు, దానికి ఏ ఇంట్లో ఏమంటారో పిల్లలే అడిగి రాయాలి. చేపని గోవావాళ్లు నుస్తెం అన్నారు, మంగళూరువాళ్లు మాస్ళి అన్నారు. ఏది కరెక్ట్ అని ఎవరూ తీర్పు చెప్పకూడదని ఒక్కటే నియమం.

రెండో గొడవ లిపి. కొంకణిని దేవనాగరి, రోమన్, కన్నడ, మలయాళం, అరబిక్ మూలం లిపి, ఇలా ఐదు లిపుల్లో రాస్తారు. 1987లో గోవా రాజభాషా చట్టం దేవనాగరిని గుర్తించింది, రోమన్ లిపి వాళ్ల అసంతృప్తి ఇంకా చల్లారలేదు. పెద్ద పెద్దవాళ్లు తేల్చలేని విషయం మీ సంఘం తేల్చనక్కర్లేదు. మా వాట్సాప్ గ్రూపులో మేము కనిపెట్టిన ఉపాయం ఏంటంటే, రాయడం మానేశాం. కొంకణిలో వాయిస్ మెసేజ్ మాత్రమే. ఫార్వర్డులు ఆగిపోయాయి, టైపింగ్ రాని పెద్దవాళ్లు కూడా మాట్లాడటం మొదలుపెట్టారు, పిల్లల చెవిన రోజుకి పది నిమిషాలైనా కొంకణి పడుతోంది. మేము చేసిన పనులన్నిటిలోకీ ఖర్చు లేనిది, ఫలితం ఎక్కువ ఇచ్చింది ఇదే.

మీ పాప విషయంలో మాత్రం ఒక ప్రత్యేక సలహా. తను తెలుగు అక్షరాలు నేర్చుకుంటోందని రాశారు. అయితే కొంకణిని తెలుగు లిపిలోనే రాయించండి, సంకోచించకండి. మా అమ్మ కన్నడ లిపిలో కొంకణి ఉత్తరాలు రాసేది, తెలుగు లిపి తెలిసిన నేను తలకట్ల తేడా అలవాటయ్యాక హాయిగా చదువుకున్నాను. మన లిపికి కొంకణి బాగా ఒదుగుతుంది. ణ, ళ ఉన్నాయి. హ్రస్వ ఎ, ఒ ఉన్నాయి. ముక్కుతో పలికే అచ్చులకి మనం మర్చిపోయిన అరసున్న అక్కరకొస్తుంది. చాప, చల్ల అన్నప్పుడు మనం పలికే చ కొంకణిలోనూ ఉంది. దొంగని 'చోరు' అనేటప్పుడు సరిగ్గా ఆ చ. మీ పాప నాలుకకి ఈ శబ్దాలన్నీ ముందే వచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తే అవన్నీ పోతాయి.

వంటగది అని ఎందుకన్నానో ఇప్పుడు చెప్తాను. నాగపంచమికి కొంకణి ఇళ్లలో పాతోళి చేస్తారు. నానబెట్టిన బియ్యం మెత్తగా రుబ్బి, పసుపాకు మీద పల్చగా పూసి, కొబ్బరి కోరు, బెల్లం, యాలకులు కలిపిన చూర్ణం మధ్యలో పెట్టి, ఆకుని మడిచి ఆవిరి మీద ఉడికిస్తారు. మూత తీయగానే ఇల్లంతా ఆ పసుపాకు వాసనే. మా ఇంట్లో మొదటిసారి చేసినప్పుడు ఎనిమిదిమంది పిల్లలు, ముగ్గురు అమ్మమ్మలు. ఒక పాప పిండి మందంగా పూసింది. పక్కనున్న పెద్దావిడ తన చూపుడువేలితో పిండిని ఆకు అంచుదాకా లాగి, ఈనె కనపడేలా ఉండాలని కొంకణిలో చెప్పింది. ఆ పాపకి మాటలు తెలియవు. కానీ వేలు కదిలింది, ఆకు కనిపించింది, మాట వినిపించింది. ఇంకో ఆకు తీసుకుని సరిగ్గా పూసింది. రెండు గంటల్లో ఆకు, పిండి, కొబ్బరి కోరు, మడు, తీయి, కాలుతుంది జాగ్రత్త, ఇంకొంచెం, చాలు, ఇవన్నీ పిల్లలందరి నోటా కొంకణిలోనే. క్లాసు పెట్టి బోర్డు మీద రాసి నేర్పితే మాకు నెల పట్టేది, తర్వాతి నెలకి మర్చిపోయేవాళ్లు. నెలకో వంటకం పెట్టుకోండి. పత్రొడొ, దాళి తోయ్, సన్నలు. పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి ఉడికించే ఖొట్టొ చూస్తే మీకు కోనసీమ పొట్టిక్కలు గుర్తొస్తాయి, రెండూ ఒకే పద్ధతి. ఆ రోజు మీ అమ్మగారిని కూడా పిలవండి.

పెద్దవాళ్ల గొంతులు రికార్డు చేయడం వాయిదా వేయకండి. ఈ మాట నేను చాలా బాధతో చెప్తున్నాను. మా దగ్గర ఎనభై ఆరేళ్ల ఒక అమ్మమ్మ ఉండేది. శ్రావణమాసంలో ఆడవాళ్లు చేసే 'చూడి' పూజకి పాడే పాటలు, లాలిపాటలు లెక్కలేనన్ని వచ్చు. దీపావళి అయ్యాక రికార్డు చేద్దాం, చలి తగ్గాక చేద్దాం అనుకుంటూ రెండేళ్లు గడిపాం. ఆవిడ ఇండియా వెళ్లింది, ఆర్నెల్లకి పోయింది. ఇప్పుడు మా దగ్గర ఉన్నది వాళ్ల కోడలికి పంపిన నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ ఒక్కటి.

రికార్డింగ్‌కి పెద్ద సామాను అక్కర్లేదు. ఫోన్ చాలు. మడతపెట్టిన తువ్వాలు మీద మూర దూరంలో పెట్టండి, ఏసీ, ఫ్యాను ఆపండి. మొదట తేదీ, ఆవిడ పుట్టిన ఊరు ఆవిడ నోటే చెప్పించండి. పిల్లలకి వినిపించవచ్చా, ఇంటర్నెట్‌లో పెట్టవచ్చా అని ముందే అడిగి రాయించుకోండి, మూడు చోట్ల కాపీలు దాచండి. ఇంటర్వ్యూలా 'మీ సంస్కృతి గురించి చెప్పండి' అంటే వాళ్లు బిగుసుకుపోతారు. 'చిన్నప్పుడు మీ ఇంట్లో పొద్దున్నే ముందు ఎవరు లేచేవాళ్లు? లేచి ఏం చేసేవాళ్లు?' అని అడగండి. ఇక మీరు ఆపినా ఆగరు. చేతికి ఏదైనా పాత గిన్నో, కత్తిపీటో ఇస్తే ఇంకా మంచిది.

కాగితాల పని చివర్లో. పది, పదిహేను కుటుంబాలు ఏడాదిపాటు నెలనెలా వచ్చాకే రిజిస్టర్ చేయండి. ముందు రాష్ట్రంలో లాభాపేక్ష లేని సంస్థగా నమోదు, తర్వాత పన్ను నంబరు, ఆ తర్వాత పన్ను మినహాయింపు ఇచ్చే 501(సి)(3) హోదా కోసం ఐఆర్‌ఎస్‌కి, అంటే అమెరికా పన్నుల శాఖకి, దరఖాస్తు. ఏడాది రాబడి 50 వేల డాలర్ల లోపు అనుకుంటే చిన్న ఫారం, 1023-ఈజెడ్, సరిపోతుంది, ఫీజు 275 డాలర్లు. ఏటా ఐఆర్‌ఎస్‌కి ఇవ్వాల్సిన 990-ఎన్ ఫారం ఆన్‌లైన్‌లో నింపడం మర్చిపోకండి. వరసగా మూడేళ్లు వదిలేస్తే పన్ను మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు ఉంచండి. కమిటీ మీటింగ్ మొదటి పావుగంట కొంకణిలోనే జరగాలని కూడా రాసుకోండి. లెక్కల గురించి కొంకణిలో వాదించుకోగలిగితే ఆ సంఘంలో భాష బతికి ఉన్నట్టే.

ఫంక్షన్ పూర్తిగా వద్దనడం లేదు. రెండో ఏడు నుంచి ఒకటి పెట్టుకోండి, తేదీకి ఆగస్టు 20 బాగుంటుంది. కొంకణిని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో, అంటే గుర్తింపు పొందిన భాషల జాబితాలో, చేర్చే సవరణని 1992లో ఆ రోజునే పార్లమెంటు ఆమోదించింది. స్టేజీ మీద పిల్లల చేత బట్టీ ఉపన్యాసాలు మాత్రం చెప్పించకండి, నాయనమ్మా మనవరాలూ కలిసి ఏదైనా వండి చూపిస్తే నయం. ఉడుపి వెళ్లినప్పుడు మంగళూరు శక్తినగర్‌కి ఒక పూట కేటాయించండి. 2009లో మొదలైన ప్రపంచ కొంకణి కేంద్రం, మాండ్ సొభాణ్ అనే కొంకణి సంస్థ వాళ్ల సాంస్కృతిక కేంద్రం కలాంగణ్ రెండూ అక్కడే. 2008లో నలభై గంటలు ఆగకుండా కొంకణి పాటలు పాడించింది ఈ మాండ్ సొభాణ్ వాళ్లే. తన నాయనమ్మ భాషలో అంతమంది పాడతారని పాప తెలుసుకోవాలి.

మీరు తెలుగింటి ఆడపడుచు కదా, కొంకణి సంఘం మీరు మొదలుపెడితే బాగుంటుందా అని చివర్లో మొహమాటపడ్డారు. మా సంఘంలో అందరికంటే శ్రద్ధగా కొంకణి నేర్చుకున్నది ఒక నెల్లూరు కోడలు. తప్పులు మాట్లాడటానికి ఆవిడ సిగ్గుపడలేదు, ఆవిడని చూసి పిల్లలూ సిగ్గుపడటం మానేశారు. మీరూ పాపతో కలిసి నేర్చుకోండి. పాపతో తెలుగు ఆపకండి. మీవారు మాత్రం ఇంట్లో తనతో కొంకణిలోనే మాట్లాడాలి. ఇది సంఘం చేయగలిగిన పని కాదు, ఆయనే చేయాలి.

మీ అత్తగారు జులైలో వస్తున్నారన్నారు. ఇండియన్ స్టోర్‌లో పచ్చి పసుపు కొమ్ములు దొరుకుతాయి. కళ్లు ఉబ్బినవి చూసి నాలుగైదు తెచ్చి, మార్చిలోనే లోతైన కుండీలో రెండంగుళాల కింద పాతి కిటికీ దగ్గర పెట్టండి. మీ ఊళ్లో ఏప్రిల్ చివరికి బయట పెట్టేయొచ్చు. మొలక రావడానికి నెల, ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. ఏమీ రావట్లేదని మట్టి తవ్వి చూడకండి. ఆవిడ వచ్చేసరికి ఆకులు జానెడు వెడల్పు లేకపోయినా పాతోళి మడవడానికి సరిపోతాయి. ఆ రోజు ఊళ్లో ఇంకో రెండు కొంకణి కుటుంబాలని పిలవండి.